డబ్బా నంబర్ 31

జూలై 7, సోమవారం

నీళ్లు — తొమ్మిది బిందెలు. బట్టలు — ఇరవై రెండు, అందులో అత్తమ్మ తువ్వాళ్లే ఆరు. చింతపండు గింజ తీయడం — సగం. మేడ మీద వడియాలు — లేదు, వాన.

డబ్బాల మీద నంబర్లు మాసిపోయాయి. ఎర్ర నెయిల్ పాలిష్‌తో మళ్లీ దిద్దాను, ఒకటి నుంచి నలభై ఆరు దాకా. అత్తమ్మ చూసి — "నా నెత్తి మీద గూడ ఒకటెయ్యి బిడ్డా, తప్పిపోతనేమో."

ముప్ఫై ఒకటి లేదు. ఇచ్చినవీ వచ్చినవీ రాసే డబ్బాల పుస్తకంలో చూశాను. గల్లీ ట్యాంకు చూసుకునే సమ్మయ్య గురువారం పట్టుకుపోయాడు. "జర పెద్ద డబ్బా ఒకటి ఇయ్యక్కా, రెండు రోజులల్ల తెస్త." నాలుగు రోజులైంది. సాయంత్రం వాల్వు తిప్పుతుంటే అడిగాను. "ఇంట్ల ఉన్నదక్కా, రేపు తెస్త."

జూలై 8, మంగళవారం

నల్లా నీళ్లలో వాసన. దవాఖాన వరండా వాసన.

అత్తమ్మ చాయ్ ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టింది. "టింక్చర్ పోసినవా దీంట్ల?" ఆయన అదే చాయ్ అడుగు దాకా తాగి, "నాకేం వాసన తెల్వలే, మీ ఇద్దరికి పని లేదు" అని దుకాణానికి వెళ్లిపోయారు. ఆయన ముక్కు ఇరవై ఏళ్లుగా మిరపకాయ బస్తాల మధ్య కూర్చుంటోంది. దాని సాక్ష్యం చెల్లదు.

డబ్బా 31 — రాలేదు.

జూలై 9, బుధవారం

కొత్త నోటుబుక్కు. నీళ్లు వచ్చిన వేళ, రంగు, వాసనకు పదికి ఎన్ని. అత్తమ్మ — ఎనిమిది. నేను — ఆరు. ఎదురింటి సరోజ వదిన — "పదికి పన్నెండు రాసుకో వదినె." పది దాటి వేయడానికి లేదని చెప్పాను. కోపం వచ్చింది. ఆమె కోడలికి ఐదో నెల. ఆ పిల్ల ఆ నీళ్లే తాగుతోంది. ఆ మాట విన్నాక నేనే పదికి పది వేశాను.

రెండు పళ్లేల్లో మెంతులు చల్లాను. ఒకదానికి నల్లా నీళ్లు, ఒకదానికి కొన్న క్యాను నీళ్లు. మెంతులకు పంతం ఉండదు, ముక్కు ఉండదు. వాటి మాట నమ్మొచ్చు.

సమ్మయ్యను ఆపి అడిగాను, నీళ్ల సంగతి. "వానకాలమక్కా, బ్లీచింగ్ జర ఎక్కువేస్తాన." మరి డబ్బా... "రేపు." సైకిలెక్కి ఇంత వేగంగా వెళ్లడం ఆరేళ్లలో చూడలేదు.

జూలై 10, గురువారం

నీళ్లు కాచడం — ఐదు గిన్నెలు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. చల్లారాక వాసన అలాగే ఉంది. రేపటి నుంచి నలభై నిమిషాలు.

నెక్కొండ నుంచి తమ్ముడి ఫోన్. పత్తి చేలో గడ్డి నడుము దాకా వచ్చిందట, కలుపు తీయడానికి కూలీలు దొరకడం లేదట. మందు కొడుతున్నాడు. "నాలుగు రోజులల్ల మొత్తం మాడిపోతదక్కా, చూడ ముచ్చటైతది." మొహానికి గుడ్డ కట్టుకొమ్మన్నాను. కట్టుకున్నాడట — భోజనానికి కూర్చునేటప్పుడు విప్పాడట, అంతే.

జూలై 12, శనివారం

డబ్బా — "రేపక్కా." ఇది ఐదో రేపు.

జూలై 14, సోమవారం

మెంతులు. క్యాను నీళ్ల పళ్లెం — పచ్చగా, దువ్వినట్టు. నల్లా నీళ్ల పళ్లెం — సగం లేవలేదు, లేచినవి పసుపు పచ్చగా మెడలు వంచి ఉన్నాయి.

రెండు పళ్లేలూ తీసుకుని గల్లీ అంతా తిరిగాను. ఇరవై మూడు ఇళ్లు. ఇన్ని రోజులు చెప్పినా విననివాళ్లు మెంతులను చూసి విన్నారు. సరోజ వదిన అక్కడే నిలబడి, "ఇగ సమ్మయ్యను తీసెయ్యాలె. ట్యాంకు కడుగుతాండో లేదో ఎవలికెరుక. నీ అక్షరం మంచిగుంటది, నువ్వే రాయి" అంది.

రాశాను. అంశాల వారీగా, ఏడు అంశాలు. ఏడో అంశం: 'తీసుకున్న వస్తువులు తిరిగి ఇవ్వడు.' మొదటి సంతకం నాది. ఆదివారం గల్లీ కమిటీ కూర్చుంటుంది.

కాగితం సంగతి సమ్మయ్యకు తెలిసింది. గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. "గీ పని పోతే నాకింకేమున్నదక్కా..." తర్వాత ఇంకేదో చెప్పబోయి చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగింది ఒక్కటే — డబ్బా.

జూలై 15, మంగళవారం

కమిటీ వాళ్లు ఫోన్ చేస్తే, మున్సిపాలిటీ నుంచి నీళ్లు పరీక్ష చేసే అమ్మాయి వచ్చింది. చిన్నపిల్ల, చేతికి తొడుగులు. నల్లా నీళ్లు పట్టడానికి కడిగి ఆరబెట్టిన డబ్బా 17 సిద్ధంగా ఉంచాను. వద్దంది. "మా సీసాలనే పట్టాలమ్మా." డబ్బా 17 మూత తీసి చూపించాను, ఎంత శుభ్రంగా ఉందో. అయినా వద్దంది.

రోజుకు ఐదు గిన్నెలు నలభై నిమిషాలు కాస్తున్నానని చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "క్రిములకైతే మంచిదే. గానీ మందేమన్న కలిస్తే — కాచినకొద్దీ నీళ్లు తగ్గుతయమ్మా, మందు తగ్గది. ఇంక చిక్కనైతది."

ఆరు రోజులుగా అత్తమ్మకు చిక్కటి నీళ్లు తాగిస్తున్నాను.

జూలై 17, గురువారం

ఆ అమ్మాయి ఫోన్. పరీక్ష పూర్తి కాగితం వచ్చే వారం. కానీ కలుపు మందు జాడ ఉన్నట్టుంది. ఆ నీళ్లు తాగకండి, వండకండి. ఏమవుతుందని అడిగాను. "ఎంటనే ఏం గాకపోవచ్చు. కొంచెం కొంచెం ఏండ్లకేండ్లు పోతే కిడ్నీలకు, లివర్‌కు మంచిది గాదంటరు. కడుపుతోని ఉన్నోళ్లు అస్సలే తాగొద్దు."

సరోజ వదినకు నేనే వెళ్లి చెప్పాను. ఆమె స్టవ్ మీదున్న అన్నం గిన్నె దించి, అలాగే తీసుకెళ్లి మోరీలో పోసింది.

ఆయన — "నట్టనడి పట్నంల చేనేడున్నది, కలుపేడున్నది?" ఆ ఒక్క ప్రశ్న మాత్రం సరైనది. కలుపు మందు కొనే అవకాశమున్న ఇళ్ల జాబితా రాశాను. ఎనిమిది. అందరికంటే పైన మూలింటి రిటైర్డు సారు, గులాబీ తోట ఉందని. సారు నొచ్చుకున్నారు. "నలభై ఏండ్ల సంది చేతితోనే పీకుతాన, కావాలంటే గోర్లు జూడుండ్రి." చూశాను. కొట్టేశాను.

సాయంత్రానికి జాబితాలో ఎవరూ మిగల్లేదు.

జూలై 18, శుక్రవారం

ఇది వరుసగా రాయాలి.

పొద్దున పది గంటలకు అందరం ట్యాంకు దగ్గర. కమిటీ వాళ్లు, సరోజ వదిన, సారు, నేను నోటుబుక్కుతో. మూత తీయమన్నారు. సమ్మయ్య నిచ్చెన ఎక్కి ఆగిపోయాడు. నా వైపు చూశాడు. "అక్కా, మీరు జర ఇంటికి పోరాదుండ్రి." పోనన్నాను. నేను మొదటి సంతకం.

మూత తీశాడు. లోపల తాడు. తాడుకు డబ్బా వేలాడుతోంది, అడుగున బొక్కలు — బ్లీచింగ్ ముద్ద అందులో వేసి నీళ్లలో వదిలితే మెల్లమెల్లగా దిగుతుందట. పైకి లాగాడు. తిరుగుతూ వచ్చింది. మొదట వెనకవైపు కనిపించింది. తర్వాత ముందువైపు.

మాసిన ఎరుపులో, 31.

గల్లీలో ఆ అంకెలు ఎవరివో తెలియని వాళ్లు లేరు. సరోజ వదిన — "వదినె... గది నీ నెయిల్ పాలిషే గదా."

నాదే అన్నాను.

పదకొండు రోజులుగా అడుగుతుంటే ఇంట్లో ఉందన్నావే అని సమ్మయ్యను అడిగాను. తల దించుకున్నాడు. "మంచి డబ్బాకు బొక్కలేసిన గదక్కా. చెప్తె మీరేమంటరోనని... మీ డబ్బా అంటె మాకు బుగులు."

నీళ్లలో ఏముందో అతనికి తెలియదు. డబ్బా పాడుచేశాడన్న భయం మాత్రం ఉంది. రోజూ నేను అడిగాను, రోజూ ఆ భయంతో దాచాడు. నేను అడగకుండా ఉంటే మొదటి రోజే చెప్పేవాడు.

జూలై 18, మళ్లీ

ఇంటికి వచ్చి డబ్బాల పుస్తకం తెరిచాను. ఇచ్చినవి, రావాల్సినవి ఉండే పేజీ రోజూ చూస్తాను. ఎక్కడి నుంచి వచ్చాయో రాసే మొదటి పేజీ చూసి ఏళ్లయింది.

'31, 32 — తమ్ముడు, నెక్కొండ. గట్టి మూతలు.'

ఫోన్ చేశాను. అవి దేని డబ్బాలురా? "గడ్డి మందువి అక్కా. కాయితం పీకేసిన. డబ్బా మంచిగుంటె పారేయబుద్ధి గాలే, నీకు డబ్బాలంటె పాణం గదా." కడిగావా? "ఇట్ల తిప్పి పారబోసిన... నువ్వెట్లాగూ కడుగుతవనుకున్న."

నేనేమో కడిగే ఇచ్చాడనుకున్నాను. మూత తీసి చూసి, పొడిగా ఉందని నంబరేసి అటక మీద పెట్టాను.

అప్పుడు 32 గుర్తొచ్చింది. ఎక్కడుందో చూడనక్కర్లేదు, తెలుసు. రెండేళ్లుగా ఆయన రోజూ దుకాణానికి తాగే నీళ్లు తీసుకెళ్లేది అందులోనే.

ఆటోలో వెళ్లాను. గల్లాపెట్టె పక్కన ఉంది. పారబోయమన్నాను. ఆయన సంగతి విని, డబ్బా వైపు చూసి — "అందుకే నాకు వాసన తెల్వలే. నాకు నీళ్లంటె గదే వాసన."

నవ్వాను. తర్వాత ఆ దుకాణంలోనే కందిపప్పు బస్తా మీద కూర్చుండిపోయాను.

జూలై 19, శనివారం

ఆయనను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. "ఏం తాగిన్రు?" "నీళ్లు." "ఎన్ని రోజుల సంది?" "రెండేండ్లు." పరీక్షలు — మూడు.

సరోజ వదిన కోడలికి స్కానింగ్. బాగానే ఉందన్నారట, నెలనెలా చూద్దామన్నారట. ఈ మాట ఆమె చెప్పలేదు, గల్లీలో తెలిసింది. నన్ను చూస్తే తలుపు వేసుకుంటోంది. వేసుకోనీ.

జూలై 20, ఆదివారం

కమిటీ. నేను రాసిన కాగితం నా చేతే చదివించారు. ఏడు అంశాలు. ఏడోదాని దగ్గర చదవడం ఆపాను. సంతకం కొట్టేసి, వెనకవైపు ఇంకోటి రాశాను: డబ్బా నాది, కడగకుండా ఇచ్చింది నేను, సమ్మయ్యకు ఆ సంగతి తెలియదు. గట్టిగా చదివాను. ఇది ఒక్కటే అంశం. మొదటి సంతకం నాది. రెండోది సారుది. మూడోది ఎవరూ చేయరేమోననుకున్నాను. సరోజ వదిన నా వైపు చూడకుండా పెన్ను లాక్కుంది. "సమ్మయ్యను ఉంచుడైతె ఉంచుదాం. నీతోని మాత్రం మాట్లాడ."

సమ్మయ్య ఉంటాడు. ట్యాంకు ఖాళీ చేసి మూడుసార్లు కడగాలి. మూడుసార్లూ నేను కింద నిలబడి లెక్కపెట్టాలని తీర్మానం.

సాయంత్రం సమ్మయ్య ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ నన్ను చూసి లోపలికి — "ఇగో, నంబర్ల అక్క వచ్చింది" అని మెల్లగానే అంది, వినిపించింది. కూర్చోబెట్టారు. గ్లాసుతో నీళ్లు ఇచ్చారు. ఏ నీళ్లని అడగలేదు. తాగాను. తప్పు నాదని చెప్పాను. "అయ్యో, నేన్గూడ దాచిపెడ్తి గదక్కా" అన్నాడు. తర్వాత ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం.

జూలై 22, మంగళవారం

ట్యాంకు కడగడం — మూడు. మెంతులు కొత్తవి — రెండు పళ్లేలు. అటక మీది డబ్బాలన్నీ దింపాను. ఎక్కడివో తెలియనివి ఆరు, వంటింట్లోంచి బయటికి. అత్తమ్మ — "ఇన్నాళ్లకు ఇంట్ల మనుషులకు జాగ దొరికింది."

జూలై 26, శనివారం

వాసన — అత్తమ్మ సున్నా, నేను సున్నా. రెండు పళ్లేలూ పచ్చగా ఉన్నాయి.

పూర్తి కాగితం వచ్చింది. ట్యాంకు కడగక ముందు పట్టిన నీళ్లు. మందుల పేర్లు రెండు ఉన్నాయి. మొదటిది తమ్ముడికి చదివి వినిపించాను — "ఆఁ, గదే, నేను కొట్టేది." రెండోది వినిపించాను. "గది నాది గాదక్కా. మక్క చేన్లల్ల కొడ్తరు గది."

పరీక్ష చేసే అమ్మాయిని అడిగాను, మా డబ్బాలో లేనిది మా నీళ్లలోకి ఎలా వచ్చిందని. ట్యాంకులోకి పై నుంచి వచ్చే నీళ్లలోనే ఉండొచ్చు, వానకు చేలల్లోంచి కొట్టుకొస్తుంది, కొంచెమే ఉంది, మళ్లీ పరీక్ష చేయాలి అంది. ఎప్పుడు? "రాసిస్తనమ్మా పైకి." పచ్చగా ఉన్న మెంతులకు ఆ కొంచెం తెలిసిందో లేదో నాకు తెలియదు. క్యాను నీళ్లు ఎక్కడ పడతారో కూడా తెలియదు.

ఆయన పరీక్షలు — రెండు వచ్చాయి, బాగున్నాయి. మూడోది సోమవారం.

సరోజ వదిన చిన్న డబ్బా ఒకటి గోడ మీద పెట్టి వెళ్లింది. మాట్లాడలేదు. డబ్బా నాదే, నంబర్ 12. అందులో గోంగూర పచ్చడి.

చీకటి పడే ముందు సమ్మయ్య వచ్చాడు. చేతిలో డబ్బా. తళతళలాడుతోంది. "ఏడుసార్లు కడిగిన అక్కా. ఇగో, మీది మీకు." అడుగున పదహారు బొక్కలు. వద్దనలేకపోయాను. దాన్ని ఎక్కడ పారేయాలో అమ్మాయికీ తెలియదట, కనుక్కుని చెప్తానంది. ప్రస్తుతం పెరట్లో, 32 పక్కన, బోర్లించి, పైన రాయి.

రావాల్సినవి:
రెండో మందు ఎక్కడిదన్న జవాబు — ఎవరి దగ్గర నుంచి రావాలో తెలియదు.
డబ్బా 31, సమ్మయ్య — ముట్టింది. బాకీ లేదు.