తుడవని పలక

అక్టోబరు 1948, సోమవారం

బడి సంగతి తేలింది. తేల్చింది నేనూ కాదు, సత్తెమ్మా కాదు.

మా అనసూయను మిషన్ బడిలోనే వేయాలని వాళ్లమ్మ సత్తెమ్మ పట్టు. అక్కడ బల్లలున్నాయి, ఇంగ్లీషు ఉంది. సరేనని పొద్దున తీసుకెళ్లాం. టీచరమ్మ పలక మీద పేరు రాయమంది. పిల్ల రాసింది. ఆమె చూద్దామని దగ్గరికి రాగానే అరచేత్తో తుడిచేసింది. రెండోసారీ అంతే.

"పిల్లకు అక్షరాలు రానట్టున్నయి. చిన్న తరగతిల కూసోబెడతం," అంది టీచరమ్మ.

దానికి అక్షరాలు రాక కాదు. మా ఊరి పంతులుగారు నిజాం సర్కారు అనుమతి లేకుండా తన ఇంటి వెనక గదిలో తెలుగు చెప్పిన రెండేళ్లూ, వీధిలో అడుగుల చప్పుడైతే చాలు, పిల్లలంతా పలకలు తుడిచేసేవాళ్లు. రజాకార్లు పోయి నెలయినా దాని చేతికి ఆ కబురు అందలేదు.

తిరుగుదారిలో పంతులుగారింటికి వెళ్లాం. బడి ఇప్పుడు వీధి అరుగు మీద నడుస్తోంది. జరిగింది చెబితే ఆయన నవ్వలేదు.

"ఇగ ఎవరొచ్చినా తుడువకు బిడ్డా. జర చూడనియ్యి," అన్నారు.

అనసూయ రాసింది. అంతలో మిలిటరీ జవాను ఒకడు బూట్లు టకటకలాడిస్తూ అరుగు ముందు నుంచి పోయాడు. దాని చెయ్యి లేచింది. పలక దాకా వెళ్లి ఆగింది.

"ఈడనే సదువనియ్యుండ్రి," అంది సత్తెమ్మ మెల్లగా.

మరి ఇంగ్లీషు? అది పంతులుగారికీ రాదు. చూడాలి...

ఇన్నాళ్లూ సంచిలో దాచి తెచ్చుకునే పలకను పిల్ల ఇవాళ గుండెకు ఆనించి, పేరు అందరికీ కనబడేలా పట్టుకుని, బజారు నడిమధ్య నుంచి ఇంటికి నడిచింది.