కడగకూడని ఫిల్టర్

ఫిబ్రవరి 3
సూర్యాపేట నుంచి ఇప్పుడే వచ్చాం. ఆయన చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయాడు. ఇరవై రెండేళ్ళు రైస్ మిల్లులో తవుడు దుమ్ము మింగిన ఊపిరితిత్తులు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి నాతోనే మాట్లాడాడు, ఆయనతో కాదు. "ఇంట్లో చీపురు పట్టొద్దమ్మా. దుమ్ము లేవకూడదు." మిర్యాలగూడలో, దుమ్ము లేవకుండా! పొద్దున తుడిచిన గడప మీద మధ్యాహ్నానికల్లా మిల్లుల నల్ల బూడిద.

ఫిబ్రవరి 6
కోదాడ నుంచి ఆడబిడ్డ సరళ వచ్చింది. చేతిలో కర్రలా పొడుగ్గా ఒక వ్యాక్యూమ్ క్లీనర్. "మేం వాడట్లేదు వదినా. అన్నయ్య కోసం ఉంచు." వైరు లేదు, చార్జింగ్ పెడితే చాలు. దాంతో వచ్చిన పుస్తకం ఎక్కడో పోయిందట. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి — "మిల్లుల గిసొంటిదొకటి ఉంటే మంచిగుండు."

ఫిబ్రవరి 7
మంచం కింద, బీరువా వెనక... దుమ్ము లేవడం లేదు. సంతోషంగా ఉంది. చాలా రోజులకు.

ఫిబ్రవరి 15
మిషన్ సరిగా లాగడం లేదు. ఆగి ఆగి మూలుగుతోంది. డబ్బా విప్పాను. ఒక స్పాంజి ముక్క, దాని వెనక మడతలు మడతలుగా కాగితం లాంటి ఇంకో ఫిల్టర్ — ఒకప్పుడు తెల్లదేమో, ఇప్పుడు బూడిద ముద్ద. రెండూ కుళాయి కింద పెట్టాను. నల్ల నీళ్ళు. ఎంతకీ తేటపడవు. పాత టూత్‌బ్రష్‌తో మడత మడతా రుద్దాను. దండెం మీద ఆరేశాను.

ఫిబ్రవరి 16
మబ్బు. ఫిల్టర్లు పైకి ఆరినట్టే ఉన్నాయి. మడతల్లో వేలు పెట్టి చూడలేదు. అంగన్‌వాడీలో నా డ్యూటీకి టైమైపోతోంది. బిగించి ఇల్లంతా తిప్పేశాను.

ఫిబ్రవరి 19
"ఏందో ముక్కిన వాసనొస్తుంది సునీతా." ఇది మూడోసారి అనడం. కిటికీ తీశాను, అంతే. దగ్గు ఎక్కువైంది. చలికేమో అనుకున్నాం. మిషన్ మాత్రం రోజూ తిప్పుతూనే ఉన్నాను, రెండు పూటలా.

ఫిబ్రవరి 20
తెల్లారేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే... పెదాలు నీలం. అంబులెన్స్. సూర్యాపేట దాకా నా చెయ్యి వదల్లేదు. ఆక్సిజన్ పెట్టారు.
డాక్టరు అడిగాడు. "ఇంట్లో కొత్తగా ఏమైనా వాడుతున్నారా? ఏదైనా వాసన, బూజు?"
"ఏం లేదు సార్" అన్నాను.
ఎందుకన్నాను?

ఫిబ్రవరి 22
నిద్ర లేదు. ఆ వాసన ముక్కులోంచి పోవడం లేదు.

ఫిబ్రవరి 24
ఆయన దగ్గర సరళను కూర్చోబెట్టాను. "ఎక్కడికి వదినా?" "జర పనుంది." నిన్న బట్టల కోసం ఇంటికి వెళ్ళినప్పుడు ఆ మడతల ఫిల్టర్ ఊడదీసి తెచ్చాను. కవర్లో వేసుకుని కోదాడ బస్సెక్కాను. మిషన్లు బాగుచేసే పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరిపి, వాసన చూసి, దూరంగా పెట్టాడు.
"నీళ్ళు పెట్టారా దీనికి?"
"కడిగిన."
"స్పాంజి కడగొచ్చమ్మా, అదీ ఒక రోజంతా ఆరాలి. ఇది కడిగేది కాదు. దులపాలి, పాడైతే మార్చాలి. లోపల బూజు చూడండి. దుమ్మును ఆపకపోగా ఈ బూజునే ఇంట్లోకి ఊదుద్ది."
"మనిషికేమన్న అయితదా?"
"మామూలోళ్ళకైతే తుమ్ములు. ఆయాసం ఉన్నోళ్ళుంటే—" నా మొహం చూసి ఆగిపోయాడు.
కొత్తది ఇచ్చాడు. తెల్లగా, ఎంత తేలికో. తిరుగు బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరికోసం కొన్నానో...

ఫిబ్రవరి 25
ఆయనకు చెప్పేశాను. అంతా. డాక్టరుకు చెప్పిన అబద్ధంతో సహా. ఆయన మాస్కు పక్కకు జరిపి — "ఇరవై రెండేండ్లు మిల్లు చేసింది, నాలుగు దినాలల్ల నువ్వు చేసినవా?" ఊపిరి అందక ఆగాడు. మళ్ళీ — "అయినా డాక్టర్‌కు చెప్పు. నా పానం గద."

ఫిబ్రవరి 26
చెప్పాను. డాక్టరు రాస్తున్న పెన్ను ఆగింది. "అడిగిన రోజే చెప్పి ఉంటే—" రక్తం తీయించాడు. పరీక్షకు హైదరాబాదు పంపాలట. "బూజు లోపలికి పోయి ఉంటే వైద్యం వేరమ్మా."
ఆరు రోజులు. నా నోటి వల్ల ఆరు రోజులు.

ఫిబ్రవరి 27
సరళకు తెలిసింది. వరండాలో గోడకు ఆనుకుని ఏడ్చింది. "ఆ మిషన్ తెచ్చింది నేనే కదా వదినా." కాదు, నీ తప్పేం లేదు అనాలి. నోట్లోంచి రాలేదు. ఆ నింద కాసేపు ఆమె మీద ఉంటే నాకు ఊపిరి ఆడినట్టైంది. ఛీ.

మార్చి 2
రిపోర్టు రాలేదు. రెండు ముద్దల ఇడ్లీ తిన్నాడు. "ఇంటికి పోదాం పా."
"రిపోర్టు రానియ్యి."
"వస్తే ఏమైతది?"
నీళ్ళ గ్లాసు అందించాను.

మార్చి 3
ఆసుపత్రి ల్యాబు కిటికీ దగ్గర నిలబడడం పొద్దున్నుంచీ ఇది నాలుగోసారి. ఆయన పేరు పిలిచారు. చెయ్యి చాచాను. కాగితం మీద వయసు ముప్పై ఒకటి — అదే పేరు, వేరే మనిషి. తిరిగి ఇచ్చేసి, మళ్ళీ వరసలో నిలబడ్డాను.