అల్లుడుగారి బిజీ సీజను

బెజవాడ, వన్ టౌన్.
పూజ్యులైన మామగారికి అల్లుడు సత్యం నమస్కరించి వ్రాయునది.
ఇక్కడ క్షేమం. పాప బారసాలకు రాలేకపోతున్నాను. బట్టల కొట్టు గుమాస్తా బతుకు మీకు తెలియనిది కాదు. వైశాఖం పెళ్ళిళ్ళతో ఇది బిజీ సీజను. టెరిబుల్ రష్షు! ముహూర్తం పదిహేను రోజులు వెనక్కి జరపండి.
ఇట్లు, సత్యం.
తా.క. ఈ ఇంగ్లీషు ముక్కలు మీ అమ్మాయి రాఘవమ్మకు చదివి వినిపించండి. సంతోషిస్తుంది.

చల్లపల్లి.
చిరంజీవి అల్లుడు సత్యంగారిని మామ ఆదిశేషయ్య దీవించి వ్రాయునది.
మీ ఇంగ్లీషుకు మిషన్ బడి ఏసుపాదం మాస్టారితో అర్థం చెప్పించుకున్నాం. దొరల తొందర ఒంటరిగా నడవదట, రష్షుకు టెరిబుల్ లాగా ఎప్పుడూ పక్కన ఇంకో మాట తోడుండాలట. బాగుంది. మీ తొందరకు తోడు దొరికింది గానీ మీ కూతురికి ఇంకా పేరే లేదు. పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి వేలితో రాస్తేనే మా ఇంట పేరు. అందాకా మగ్గం ముట్టకపోవడం మా తాతలనాటి ఆచారం. నాలుగు మగ్గాలూ ఖాళీగా ఉన్నాయి.
మీ మామ, ఆదిశేషయ్య.
తా.క. రాఘవమ్మ విన్నది. సంతోషించలేదు.

బెజవాడ.
మామగారికి ఇన్ గ్రేట్ హర్రీ సత్యం నమస్కారములు.
తప్పు నాది కాదండీ. ఒక పెళ్ళివారి నలభై చీరలు ఇంకా కొట్టుకు చేరలేదు. అవి వచ్చి మూట కడితేగాని కదలనివ్వనని యజమాని పట్టు. ఎవడో నేతగాడు లెవెన్త్ అవర్ దాకా సాగదీశాడు. వాడి పేరు చెప్పమంటే, ఊళ్ళ నుంచి మాకు చీరలు తెచ్చే కమీషను చౌడయ్య చెప్పడు. ఆ సోమరి మూలాన నా బిడ్డ ముఖం నేను చూడలేదు.
ఇట్లు, సత్యం.
తా.క. కనబడ్డాడా, వాడి మగ్గం గుంటలోనే వాణ్ణి పాతేస్తాను.

చల్లపల్లి.
అల్లుడుగారికి ఆశీస్సులు.
మీ ఉత్తరం అందేసరికి చౌడయ్య మా అరుగు మీదే కాఫీ తాగుతున్నాడు. చదివి వినిపించాను. కాఫీ ముక్కులోకి పోయింది.
ఆ సోమరిని నేనే. ముప్పైరెండు చీరలు అయ్యాయి, ఎనిమిది మిగిలాయి. మీరొచ్చి పేరు రాస్తేగాని మేం నేయం, మేం నేస్తేగాని మీరు రారు. దీనికి మాస్టారి దగ్గర కూడా ఇంగ్లీషు ముక్క లేదు. ఈ ఉత్తరం మీ యజమానికి చూపించండి.
మీ మామ, ఆదిశేషయ్య.
తా.క. గుంటలో దిగి కొలత చూసుకున్నాను. నాకు సరిపోతుంది.

చల్లపల్లి బస్సులోంచి.
మామగారి పాదాలకు సత్యం నమస్కరించి వ్రాయునది.
మీ ఉత్తరం చదివి యజమాని “ఇంకా ఇక్కడేం చేస్తున్నావయ్యా!” అని రెక్క పట్టుకుని బస్సెక్కించారు. అక్షరాలు వంకర పోతే తప్పు రోడ్డుది. దీన్ని పోస్టులో వేయను. మీ పక్కింటివాళ్ళ చేత లోపలికి పంపిస్తాను. మిమ్మల్ని సోమరి అన్నాక, ఎదురుగా నిలబడి క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. చదివి, కోపం తగ్గాకే నన్ను లోపలికి పిలవండి.
ఇట్లు, సత్యం.
తా.క. ఈ ముక్క మీ అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. లోపల పాప ఏడుస్తోంది. మామగారూ, కాస్త త్వరగా చదవండి.