టేపు చాలని సంకల్పం

స్వస్తిశ్రీ కాళయుక్తి నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ దశమీ గురువారం నాడు, విశ్వవిద్యాలయ విదేశీ భాషోపాధ్యాయులకు యంత్రవిద్య గరపే శిక్షణా శిబిరం, అరకులోయ నుండి.

చి. సౌ. వైదేహికి నాన్న ఆశీస్సులు. నేను క్షేమం, మనసు మాత్రం కాదు.

నిన్న టేపురికార్డరులో అయిదు నిమిషాల రష్యన్ పాఠం చెప్పమన్నారు. వినాయక స్తుతి, గురువందనం చేసి, సంవత్సరం, అయనం, ఋతువు చెప్పి, ఈ కొండలు మేరువుకు ఏ దిక్కో చెబుతుండగా బంట్రోతు పైడయ్య, "బాబూ, టేపయిపోనాది. పాఠమెప్పుడు సెప్తారేటి?" అన్నాడు. రష్యన్ మాట ఒక్కటీ ఎక్కలేదు.

నీ వయసు శిక్షకుడు దాన్ని అందరికీ వినిపించి, "శాస్త్రిగారూ, వినాయకుడు మాస్కో చేరనేలేదు" అన్నాడు. సోమవారం మళ్లీ చెప్పాలి. అదీ తప్పితే నా తరగతి వేరొకరికిస్తారట! ఇన్నేళ్లు గొంతెత్తి చెప్పిన చదువుకు ఆ తిరిగే చక్రాలా సాక్ష్యం?

సంకల్పం మానను. వరండాలోనే ముగించి, తరువాత మీట నొక్కుతాను. ఏ మీటో కనబడడం లేదు. పాత కళ్లజోడు ఆదివారం కిరండూల్ రైలుబండిలో ఎవరిచేతనైనా పంపు. ఆవకాయ జాడీలకు వాసెన కట్టించావా? అమ్మ మోకాలు ఎలా ఉంది?

నా తరువాత ఆ యంత్రం ముందు కూర్చునేవారికి గణపతి దయా, కావలసినంత టేపూ కలుగుగాక.