తోటికోడలి స్కోరు

జూన్ 3

ఇంజన్ పోయింది. వేట నిషేధం ముగియడానికి ఇంకా పదకొండు రోజులే. రెండు నెలలుగా ఒడ్డున పడున్న బోటుని మా ఆయన ఢిల్లీరావు ఈ పొద్దు స్టార్ట్ చేసి చూశాడు. లోపల ఏదో విరిగి పొగ వచ్చింది. మెకానిక్ విప్పి చూసి నలభై రెండు వేలు అన్నాడట. నిషేధానికి సర్కారిచ్చిన భృతి డబ్బులు వలకే అయిపోయాయి. నా బంగారం ఎప్పటినుంచో తాకట్టులో ఉంది. పదిహేనున ఊరంతా వేటకెళ్తే మేం ఒడ్డున నిలబడి చూడాలి.

అన్నం తింటూ ఆయన, మన ప్రమోదినిని అడుగుదుమా అన్నాడు. పళ్ళెం తీసేశాను. ఆయన ఇంకా తింటన్నాడు.

జూన్ 5

టెక్కలి వెళ్ళాను. బ్యాంకులో ఆఫీసరమ్మ కంప్యూటర్లో నా పేరు కొట్టి చూసింది. సిబిల్ స్కోరు 561 అంది, ఏడొందల యాభై దాటితేనే లోనట. నాలుగేళ్ళ కింద ఫ్రిజ్, ఫోన్ నా పేరు మీద ఈఎంఐలో తీసుకున్నాం. ఆ ఏడు ఆయన గుజరాత్ బోట్ల మీదకి వెళ్ళి పచ్చకామెర్లతో తిరిగొచ్చాడు. ఏడు నెలలు కట్టలేదు. తర్వాత కంపెనీ మనిషి వచ్చి, సగం కట్టండి, సెటిల్ చేసేస్తాం అన్నాడు. కట్టాం. సెటిల్డ్ అంటే మంచి మాటే అనుకున్నాను. ఆ మాటే మీకు అడ్డం అమ్మా, అప్పు మొత్తం కట్టలేదని దానర్థం అంది ఆఫీసరమ్మ.

బస్సులో ఏడవలేదు. పక్కన మా పక్కూరు పూండి వాళ్ళు ఎవరో ఉన్నారు.

జూన్ 6

ప్రమోదిని గురించి రాస్తాను. ఎవరికీ చెప్పలేను.

నా తోటికోడలు. మా మరిది ఉమామహేష్ పెళ్ళాం. ఇచ్ఛాపురం పిల్ల. వాళ్ళమ్మతో ఫోన్లో ఒడియాలో మాటాడితే నాకు నా గురించే అనిపిస్తాది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాది. స్కూటీ ఈఎంఐ ఐదో తారీకు కట్టాల్సింది ఒకటినే కడతాది. ఆమె స్కోరు 781. మా అత్తకి స్కోరంటే ఏటో తెలీదు. అయినా వీధంతా చెప్పింది, మా సిన్నకోడలికి ఏడొందల ఎనబై ఒకటి వొచ్చినాయి అని. ఏ పరీక్షకి అని అడిగారట జనం.

ఆమె చెడ్డది కాదు. అదే నా బాధ. ఒక్కసారి నన్ను మాటంటే బాగుండు, హాయిగా తిట్టుకుందును.

జూన్ 7

ఫోన్లో అప్పులిచ్చే మూడు యాప్‌లు నొక్కాను. మూడూ సారీ అన్నాయి. ఒకటి మాత్రం డియర్ మంగ అంది.

జూన్ 9

పలాసలో ఒక ఫైనాన్స్ కంపెనీకి వెళ్ళాను. మంచి స్కోరున్న ఇంట్లో మనిషి ఎవరైనా తోడు సంతకం పెడితే రెండు రోజుల్లో ఇస్తామన్నాడు కుర్చీలో ఆయన. ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరు అన్నాను.

ఇంటికొచ్చేసరికి అంతా అయిపోయింది. తోడు సంతకం మాట ఫోన్లో మా ఆయనతో అనేశాను, ఆయన అత్తకి చెప్పాడు. అత్త ప్రమోదినిని అడిగింది. అడగడం పూర్తవకముందే ఆమె సరే అందట. దీనికేటి అత్తా, అక్కకి కాకపోతే ఎవులికి పెడతాను అందట.

ఒక్క పూట ఆలోచించినా నాకు గౌరవంగా ఉండేది.

జూన్ 11

ఆమె స్కూటీ వెనక కూచుని వెళ్ళాను. కంపెనీ ఆయన ఆమెకి కుర్చీ లాగాడు. ఆమెని మేడం అన్నాడు, నన్ను అమ్మా అన్నాడు. నలభై ఐదు వేలు, పన్నెండు నెలలు, ప్రతి ఐదో తారీకు. ఈవిడ కట్టకపోతే మీ స్కోరు కూడా పడిపోతాది మేడం అని ఆమెకే రెండుసార్లు చెప్పాడు. మా అక్క కట్టేస్తాది అంది ప్రమోదిని.

సంతోషం వేయాల్సింది. నన్ను చిన్నపిల్లలా వెనకేసుకొచ్చినట్టుంది.

జూన్ 15, తెల్లవారుజాము 4

ఇంజన్ బాగయ్యింది. బోటుకి పసుపు రాసి, హారతిచ్చి, కొబ్బరికాయ తీసి అత్త ప్రమోదిని చేతికిచ్చింది. నువ్వు కొట్టమ్మా, నీ సేతి మీద వొచ్చిందీ ఇంజను అంది.

నా మొగుడి బోటు. నా పేరు మీద లోను. నేను హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

జూలై 5

వలకి కవళ్ల చేపలు బాగా పడుతన్నాయి. ఈఎంఐ డబ్బు బియ్యం డబ్బాలో ఉంది. కట్టడానికి పలాస వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పాను.

తలనొప్పి లేదు. ఆమె 781 పడితే ఎంతవుతాదో చూడాలనుంది.

జూలై 8

కంపెనీ నుంచి నాలుగు ఫోన్లు. ఎత్తలేదు. ఇంక ఆమెకి చేస్తారు. చేయనీ.

జూలై 10

ఫోన్లు ఆగిపోయాయి. సాయంత్రం ప్రమోదిని వచ్చింది. నా కూతురికి జీడిపప్పు ముక్కలు తెచ్చింది. ఏమీ అడగలేదు. నా మొహం చూడలేదు కూడా.

జూలై 14

నిద్ర పట్టడం లేదు. డబ్బు తీసుకుని పలాస వెళ్ళాను. ఎనిమిదో తారీకునే కట్టేశారు కదమ్మా, ఆ మేడం కట్టారు అన్నాడు కంపెనీ ఆయన.

అక్కణ్ణుంచి నేరుగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి. ఆమె బయటికొచ్చింది. డబ్బు చేతిలో పెట్టి, ఆ వారం వేట సాగలేదు అన్నాను. అబద్ధం ఆడకక్కా అంది. వేట బాగుందని బావ మా ఆయనకి చెప్పినాడు అంది. నీకోసం కట్టనేదు, నా స్కోరు కోసం కట్టినాను అంది. ఇంటి కోసం లోనుకి అర్జీ పెట్టుకున్నారట, నాకు తెలీదు. కంపెనీవోడు మా ఓనరు ముందర ఫోన్ సేసినాడు, సిగ్గుతో సచ్చిపోనాను అంది. మళ్ళీ ఇలాటి పని సేత్తే నీ గుమ్మం తొక్కను అంది. డబ్బు లెక్కపెట్టింది. ఫైను మూడొందలు కూడా ఇయ్యి అంది.

ఇచ్చాను. క్షమించు అనాలనుకున్నాను. తల దించుకుని నిలబడ్డాను. ఆమె లోపలికెళ్ళిపోయింది.

ఆమె మా ఇంటికొచ్చిన నాలుగేళ్ళలో నామీద కోపపడటం ఇదే మొదలు. ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను.

ఆగస్టు 5

కట్టేశాను. కంపెనీ తలుపు తీయకముందే వెళ్ళాను. మెట్ల మీద అప్పటికే ప్రమోదిని కూచునుంది, చేతిలో నా ఈఎంఐకి సరిపడా డబ్బు పట్టుకుని. జరిగి చోటిచ్చింది.