తలుపు కొట్టకుండా

జూన్ 3

నా గదికి గడియ పెట్టించుకున్నానని ఇంట్లో ముగ్గురూ ముఖాలు మాడ్చుకుని తిరుగుతున్నారు. గది అనడం కూడా మర్యాదకే. వంటింటి పక్కన సామాన్లు పడేసుకునే చోటు, ఒక టేబులు, కిర్రుమనే ఫ్యాను. నాలుగు అక్షరాలు వచ్చేసరికి మేం దీని కంటికి ఆనడం లేదు అని నాన్న. ఫోన్లో ఎవడో ఉన్నాడు అని అన్నయ్య. అమ్మ గడియ వైపు ఓసారి చూసి వంటింట్లోకి పోయింది. అది ఇంకా మంట.

అసలు సంగతి రీసెర్చ్ కోసం చేసిన రికార్డింగులు. అందులో ఉన్నవి ఈ ఫ్యాక్టరీ క్వార్టర్స్ వాళ్ళ గొంతులే. మూడోమనిషి చెవిన పడవని ఒక్కొక్కరికీ మాటిచ్చాను. మా కొండ భాషకి లిపి లేదు, పైకి అనుకుంటూ తెలుగు అక్షరాల్లో టైప్ చేయాలి. గోడవతల అంతా వినపడుతుంది. ఇదంతా చెప్పాను. విననట్టే కూర్చున్నారు.

జూన్ 5

మేడమ్ ఈరోజు ఫారాలన్నీ అట్టపెట్టెలో పడేశారు.

మా కొండల నుంచి ప్రొఫెసర్ అయింది ఆవిడ ఒక్కరే. సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్. క్వార్టర్స్‌లో అందరూ పెద్ద టీచరు అంటారు. కొండ దిగివచ్చి ఈ టైల్స్ ఫ్యాక్టరీలో కుదిరిన మా వాళ్ళు ఎలా ఉన్నారు, ఒకరికొకరు ఎంతవరకు మిగిలారు అన్నది ఆవిడ రీసెర్చ్. నేను అసిస్టెంటుని. మూడేళ్ళప్పుడు నాన్న భుజం మీద కూర్చుని దిగినదాన్ని.

గ్రాంట్ ఇచ్చినవాళ్ళ ఫారంలో ఐదు బొమ్మ ముఖాలున్నాయి. ఏడుపు ముఖానికి ఒకటి, నవ్వు ముఖానికి ఐదు. మీరెలా ఉన్నారో వేలు పెట్టి చూపించమనాలి. మా ఇల్లు కాక నలభై ఒక్క ఇళ్ళు తిరిగాను. నలభై ఒక్క ఐదులు. నడుం పడిపోయి ఏడాదిగా మంచం దిగని ఆయన కూడా చెయ్యి చాపి మరీ ఐదు చూపించాడు.

మేడమ్ నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. గడప తొక్కిన ఆడపిల్లకి మనవాళ్ళు ఏడుపు ముఖం చూపించి పంపిస్తారా, ఇంత చదివి ఈ ముక్క మర్చిపోయాను చూడు అన్నారు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న రాసిచ్చారు. తలుపు కొట్టకుండా మీరు ఎన్ని ఇళ్ళలోకి వెళ్ళగలరు?

జూన్ 12

ఇప్పుడు మనసు విప్పి మాట్లాడుతున్నారు. ఆపితే ఒట్టు. కొండ మీద ఈ ప్రశ్నే ఉండదు, కొట్టడానికి అక్కడ తలుపులేవి అని ప్రతివాళ్ళూ మొదలుపెడతారు. ప్యాకింగ్ సెక్షన్ అక్క ఐదు ఇళ్ళు లెక్కపెట్టి, కుళాయి దగ్గర తగువు గుర్తొచ్చి ఒకటి తీసేసింది. మర్నాడు నన్ను బస్‌స్టాప్ దాకా వెంబడించి, రాజీ అయిపోయాం, మళ్ళీ ఐదు వేసుకో అంది.

ఎండలో తిరుగుతున్నానని నాకోసం గుమ్మాల ముందు స్టూళ్ళు వేసి ఉంచుతున్నారు. గొడుగు పుల్ల విరిగితే అడక్కుండానే ఎవరో తీగ చుట్టి బాగుచేశారు. ఎవరో ఇంకా కనుక్కోలేదు. ఇంతమందికి ఎలా థాంక్స్ చెప్తారు?

జూన్ 14

అపాయింట్‌మెంట్ లెటర్ వచ్చింది. సంక్షేమ శాఖ, పర్మనెంటు, రైల్లో తొమ్మిది గంటలు. జూలై ఒకటిన చేరాలి. నాన్న ఆ కాగితం ఫ్యాక్టరీ గేటు దాకా పట్టుకెళ్ళి, చదవడం రానివాళ్ళకి కూడా చూపించాడట.

జూన్ 16

మేడమ్‌ని అడిగాను. ఉండమనలేదు, వెళ్ళమనలేదు. నాకు నువ్వు కావాలి కాబట్టి నా సలహా నమ్మకు అన్నారు. టీ పోసిచ్చారు. ఇలాంటి మనిషి దగ్గర పని చేశానని ఎప్పటికైనా చెప్పుకుంటాను.

ఆవిడ పెట్టిన రూలు ఒకటుంది. ఎవరి మాటలు వాళ్ళకి చదివి వినిపించాలి. వద్దన్నది కొట్టేయాలి. అప్పటిదాకా ఒక్క ముక్క కూడా రిపోర్టులోకి పోదు. మా భాషలో చదవగలిగింది ఆవిడా నేనూ. ఆవిడకి క్లాసులు, కమిటీలు. అంటే నేనే.

జూన్ 19

నా భాషలో నాకు తెలియని మాటలు ఇప్పటికి ఇరవై మూడు తేలాయి. ఎవరన్నారో చెప్పకుండా అమ్మని అడిగాను. అన్నీ వచ్చు. కాలేజీలో ఇది నేర్పలేదా అని ఓ పోటు పొడిచి మరీ చెప్పింది.

జూన్ 21

సొంత ఇంటిని నేను ఇంటర్వ్యూ చేయకూడదు. మేడమే వచ్చారు. నన్ను బయటికి పంపారు. ఇది మీ అమ్మాయి టైప్ చేయాలా, నన్ను చేయమంటారా అని అమ్మని అడిగారట. దానికే ఇవ్వండి, అదే వినాలి అందట.

జూన్ 23

విన్నాను.

కొండ మీద ముప్పై ఇళ్ళు, ఇక్కడికొచ్చాక ఆరు, ఇప్పుడు ఐదు అని చెప్పింది అమ్మ. ఆరోది ఏమైందని మేడమ్ అడిగారు. ఆరోది మా ఇల్లే అంది. లోపల ఒక తలుపు కొట్టాల్సి వస్తోంది. కోపం లేదు గొంతులో. బట్టలు లెక్కపెట్టినట్టు చెప్పింది. అది అందరి దగ్గరా కూర్చుని వింటుంది, మంచి పనే, నా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా అంది.

ఈ వాక్యం టైప్ చేయడానికి గంట పట్టింది. గడియ వేసే ఉంది.

జూన్ 25

అమ్మకి చదివి వినిపించాను. తలుపు మాట కొట్టేయమంటుందనుకున్నాను. ఉంచు, నిజమేగా అంది. కొట్టేయమన్నది మోకాలి నొప్పి సంగతి ఒక్కటే. మీ నాన్నకి తెలిస్తే డ్యూటీ ఎగ్గొట్టి నన్ను ఆస్పత్రుల చుట్టూ తిప్పుతాడు అంది. కొట్టేశాను. ఇక్కడ రాసుకున్నాను, ఇది రిపోర్టు కాదు.

తర్వాత దుప్పట్లు మడతపెడుతూ అడిగింది, మిగతావాళ్ళకి ఎవరు చదువుతారని. నా బదులు కొత్తమ్మాయి వస్తుందన్నాను. మన భాష వచ్చా అంది. రాదన్నాను. అలాగైతే వాళ్ళు ఏది వద్దంటున్నారో ఆ పిల్లకి ఎలా తెలుస్తుందే అంది. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది.

జూన్ 26

చదవాల్సిన ఇళ్ళు నలభై ఒకటి.

జూన్ 28

డిపార్ట్‌మెంట్‌లో పాత స్టోర్‌రూమ్ తాళం మేడమ్ నా చేతిలో పెట్టారు. ఎందుకడిగావని అడగలేదు. రికార్డరు, ఫైళ్ళు అక్కడికి చేర్చాను, ఇక టైపింగ్ అక్కడే. కిటికీ ఉంది. దుమ్ము తుడిచేసరికి మధ్యాహ్నమైంది. చాలా రోజుల తర్వాత హాయిగా ఆకలేసింది.

జూన్ 30

గడియ విప్పేశాను. స్క్రూలు నాలుగు. అమ్మ తలుపు కొట్టకుండా లోపలికొచ్చింది, పనేమీ లేకపోయినా ఓ నిమిషం నిలబడి వెళ్ళింది.

ఉద్యోగంలో చేరడం లేదు. నాన్నకి పొద్దున్నే చెప్పాను.