అత్తను నిలబెట్టిన ప్లాస్మా

గురువారం రాత్రి, మదనపల్లె ఆస్పత్రి

అత్త బతికింది. ఈ మాట రాసుకోవడానికే డైరీ తీశాను.

నిన్న పొద్దున సోమలలో, మా తోటలో టమోటాలు కోస్తుంటే అత్తను రక్తపింజర కరిచింది. ఇక్కడికి తెచ్చి విషానికి మందు ఎక్కించినా చిగుళ్ల నుంచి రక్తం కారుతూనే ఉంది. ఈరోజు నర్సమ్మ పసుపురంగు సంచి ఒకటి తగిలించింది.

"రగతం ఎక్కిస్తామని పసుపు నీళ్లు ఎక్కిస్తాండారేమ్మా?" అంది అత్త, అంత నీరసంలోనూ.

"ఇదీ రక్తంలోదే అవ్వా, ప్లాస్మా అంటారు. రక్తం గడ్డకట్టేది దీంట్లో ఉండే సరుకుతోనే. నీ ఒంట్లో ఉండేదాన్ని పాము విషం పాడు చేసింది."

"ఎవురిచ్చినారు?"

"కుప్పంలో క్యాంపు పెడితే ఎవరో ఇచ్చిండారు. పేరు తెలీదు."

సాయంత్రానికి చిగుళ్ల రక్తం నిలిచింది. గాజు గొట్టంలోకి తీసిన రక్తం గడ్డకట్టిందని డాక్టరు చూపించినప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయాను. విషం మూత్రపిండాలను కూడా దెబ్బతీసిందా లేదా అన్నది రేపటి పరీక్షలో తేలుతుందట. ఆ భయం ఇంకా ఉంది.

నిద్రపోయే ముందు అత్త నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇంటికి పోయినాక, కుప్పం నుంచి ఎవురొచ్చి నీళ్లడిగినా మజ్జిగియ్యమ్మా. ఆ ఇచ్చినోళ్లు ఎవురో ఏమో!"